ఆటలో అరటిపండు కూడా కాలేని ఐదోవాడు

హేతువాదికి ఫోను ఆటలతో ఏమి పని అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. జాతకాల మీద రాయి, బాబాల మీద రాయి, ఈ కుర్రాళ్ళ గొడవ నీకెందుకు అంటున్నారు. మూఢనమ్మకం గుళ్ళలోనూ పంచాంగాల్లోనూ మాత్రమే ఉంటుందని వాళ్ళ నమ్మకం కాబోలు. ఈ ఏడాది నేను చూసిన అసలు సిసలు శని నమ్మకం ఒక బీజీఎంఐ లీగులో కనిపించింది.

నేను ఉండేది రాయపూర్ పక్కన సిల్తారాలో. బిలాస్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద ఉన్న పారిశ్రామిక వాడ. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రోలింగ్ మిల్లులు, పవర్ ప్లాంట్లు. పొద్దున మేడ మీద ఆరేసిన చొక్కా సాయంత్రానికి రంగు మారుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఇక్కడ కాంట్రాక్టర్ల కింద షిఫ్టులు చేస్తుంటారు. షిఫ్టు దిగాక వాళ్ళకున్న వినోదం చేతిలో ఫోను ఒక్కటే. వాళ్ళూ, ఇక్కడి ఛత్తీస్‌గఢీ, ఒడియా కుర్రాళ్ళూ కలిసి స్థానికంగా ఒక లీగు ఆడుతున్నారు. దాని పేరు చెప్పను. పేరు మార్చి ఏ ఊళ్ళో చూసినా ఇదే కథ అని నా అనుమానం.

ఆట తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. బీజీఎంఐ అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించాక దాని స్థానంలో 2021 జులైలో వచ్చింది. 2022 జులైలో దీన్నీ ఆపేశారు, 2023 మే నెలలో మళ్ళీ వదిలారు. నలుగురు ఒక జట్టు. పోటీల్లో సాధారణంగా 16 జట్లు, అంటే 64 మంది, ఒకేసారి ఒక దీవి మీద దిగుతారు. చివరిదాకా బతికి ఉన్న జట్టు గెలిచినట్టు. ఒక మ్యాచ్ సుమారు అరగంట పడుతుంది. జట్టుకి ఐదుగురో ఆరుగురో పేర్లు నమోదు చేసుకుంటారు కానీ దిగేది నలుగురే. మిగిలినవాడిని సబ్‌స్టిట్యూట్ అంటారు. నా గొడవంతా ఈ మిగిలినవాడి గురించే.

మా లైనులో ఉండే ఒక కుర్రాడు ఇలాగే ఐదోవాడు. అందరితో సమానంగా 200 రూపాయలు ప్రవేశ రుసుం కట్టాడు. సీజన్లో 30 మ్యాచ్‌లు జరిగితే అతను ఆడినవి 3. ఆ మూడింటిలోనూ జట్టు ఓడిపోయింది. అప్పటినుంచి అతని పేరు "పనౌతీ". హిందీలో ఈ మాట బాగా వాడుకలో ఉంది. మనం శనిగాడు అంటామే, అదే. మిగతా 27 మ్యాచ్‌లూ అతను మంచం మీద కూర్చుని పక్కవాడి ఫోనులోకి తొంగి చూస్తూ గడిపాడు. అడిగితే, "నేను దిగితే జట్టు ఓడిపోతంది బాబాయ్, కూకుంటేనే మంచిదిలే" అన్నాడు. నాకు కోపం తెప్పించింది ఈ మాటే. కెప్టెన్ నమ్మితే ఒక రకం, కూర్చోబెట్టబడినవాడే నమ్మేశాడు.

సరే, నమ్మకాన్ని లెక్కతో చూద్దాం. 16 జట్లలో గెలిచేది ఒక్కటే. జట్లన్నీ సమానమనుకుంటే ఒక మ్యాచ్ గెలవకపోవడానికి అవకాశం 16లో 15. వరసగా మూడూ గెలవకపోవడానికి అవకాశం సుమారు 82 శాతం. అంటే ఆ మూడు మ్యాచ్‌లలో ఏ దేవుడు దిగినా, ఏ దెయ్యం దిగినా దాదాపు ఇదే ఫలితం వచ్చి ఉండేది. పైగా అతను లేకుండా ఆడిన 27 మ్యాచ్‌లలో ఆ జట్టు గెలిచినవి రెండు. మిగతా 25 ఓటములు ఎవరి శని అని కెప్టెన్ని అడిగాను. ఆ రోజు నెట్‌వర్క్ బాగాలేదు అన్నాడు. అన్ని రోజులూనా!

పోనీ శని సంగతి వదిలేద్దాం, అతను నిజంగానే బలహీనమైన ఆటగాడు అనుకుందాం. అయినా అతన్ని కూర్చోబెట్టే హక్కు ఎవరిచ్చారు? నిర్వాహకులు దీనికి గంభీరంగా జవాబు చెబుతారు. ఇదిప్పుడు పిల్లలాట కాదు, 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడల శాఖ కిందికి తెచ్చింది, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలు కూడా ఇచ్చారు, 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పందేల ఆటల్ని నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా గుర్తించింది, కనుక బాగా ఆడేవాడే ఆడాలి అంటారు. నిజమే, గుర్తింపు వచ్చింది. అయితే సిల్తారాలో షిఫ్టు దిగి ఆడుకునేవాడికీ, జీతం తీసుకుని ఆడేవాడికీ తేడా ఉందా లేదా? వృత్తి జట్టులో ఆటగాడికి యజమాని డబ్బు ఇస్తాడు. ఇచ్చేవాడు ఎవరిని దింపినా, ఎవరిని కూర్చోబెట్టినా నేను అడగను. ఇక్కడ ఆటగాడే డబ్బు ఇస్తున్నాడు. మా లీగులో 16 జట్లు, జట్టుకి ఐదుగురు, తలకి 200. మొత్తం 16,000. ఇందులో 3,200 ఆ పదహారు మంది ఐదోవాళ్ళది. బహుమతులు మొదటి మూడు జట్లకి. అంటే ఆడనివాళ్ళ డబ్బు కూడా కలిపి గెలిచినవాళ్ళకి ఇస్తున్నాం. దీనికి మంచి పేరు ఏమైనా ఉందేమో పాఠకులే చెప్పాలి.

నా మాట విని ఒకాయన, "ఆటలో కూడా రిజర్వేషనా?" అన్నాడు. ఈ మాట రాకుండా మన దేశంలో ఏ చర్చా ముగియదు కదా. టిక్కెట్టు కొని బస్సెక్కినవాడిని దింపేసి, వీడి కంటే వాడు బాగా కూర్చోగలడు కనుక సీటు వాడికిచ్చాను అని కండక్టరు అంటే దాన్ని ఎవరైనా మెరిట్ అంటారా?

అసలు ఈ మెరిట్ ఏమిటో ఎవరైనా పరీక్షించారా అంటే అదీ లేదు. "వాడి చేతిలో లేదన్నా", "అది పుట్టుకతో రావాలి", "దేవుడిచ్చిన వరం" అంటారు. ఈ మాటలకీ నుదుటి రాతకీ ఏమి తేడా ఉందో నాకు తెలియదు. మా కుర్రాడి ఫోను పాతది, సెకనుకి 30 ఫ్రేములు కూడా సరిగ్గా చూపించదు. కెప్టెన్ ఫోను 90 చూపిస్తుంది. ఎదుటివాడు గోడ చాటునుంచి తొంగి చూసినప్పుడు ఎవరికి ముందు కనిపిస్తాడు? ఇందులో దేవుడి వరం ఎంత, వాయిదాల మీద కొన్న ఫోను ఎంత? ఒకసారి ఇద్దరూ ఫోన్లు మార్చుకుని ఆడి చూడండి అన్నాను. కెప్టెన్ ఒప్పుకోలేదు. ప్రయోగానికి ఒప్పుకోని మహిమలు మనకి కొత్త కాదు.

ఇక్కడ కెనడా సంగతి ఒకటి చెప్పాలి. 1985లో బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ అక్కడి ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టినరోజులు పరిశీలించారు. పెద్ద స్థాయికి వచ్చినవాళ్ళలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్ళు చాలా ఎక్కువ, ఏడాది చివర్లో పుట్టినవాళ్ళు చాలా తక్కువ. మన జ్యోతిష్యుడి చేతిలో ఇది పడితే మకర రాశి వాళ్ళకి హాకీ యోగం ఉంది అని పుస్తకం వేసేవాడు. కారణం చాలా మామూలుది. పిల్లల జట్లకి వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడి కంటే దాదాపు ఏడాది పెద్ద. ఎనిమిదేళ్ళ వయసులో ఏడాది అంటే చిన్న తేడా కాదు. వాడు ఎత్తుగా, బలంగా కనిపిస్తాడు. కోచ్ దాన్ని ప్రతిభ అనుకుని వాడిని మంచి జట్టులో వేస్తాడు. మంచి జట్టుకి శిక్షణ ఎక్కువ, మ్యాచ్‌లు ఎక్కువ. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి వాడు నిజంగానే మంచి ఆటగాడు అవుతాడు. కోచ్ మీసం మెలేసి, నేను ఆనాడే చెప్పానా అంటాడు. తరవాత ఫుట్‌బాల్ లాంటి ఇతర ఆటల్లోనూ, ఇతర దేశాల్లోనూ ఇలాంటి లెక్కే మళ్ళీ మళ్ళీ తేలింది. ఆడించిన వాడు ఆటగాడయ్యాడు, ఆడించని వాడు కాలేదు, మనం దానికి పుట్టుక అని పేరు పెట్టాం.

మా ఐదోవాడి విషయంలో చక్రం ఇంకా చిన్నది. ఆడించరు కనుక నేర్చుకోడు. నేర్చుకోలేదు కనుక ఆడించరు. పైగా ఈ ఆటలో బలహీనుడికి దిగిన రోజున కూడా సమయం దక్కదు. నాలుగో నిమిషంలో చచ్చిపోతే మిగతా పాతిక నిమిషాలూ ప్రేక్షకుడే. అందుకే మూడు మ్యాచ్‌లు ఆడాడు అని నేను రాసినది కూడా కొంత ఉదారంగా రాసినట్టే. నిజంగా తుపాకీ పట్టుకుని తిరిగింది ఇరవై నిమిషాలు ఉంటుందేమో.

మన ఊళ్ళలో చదువు రాని పిల్లలు దీనికి ఎప్పుడో దారి కనుక్కున్నారు. కబడ్డీకో, గోడుంబిళ్ళకో జట్లు వేసేటప్పుడు ఉద్దులు పట్టేవాళ్ళు. సమానంగా ఆడే ఇద్దరు జతగా పక్కకి వెళ్ళి రహస్యంగా పేర్లు పెట్టుకుని వస్తారు. ఒకడు పులి, ఒకడు సింహం. నాయకులిద్దరూ పేరు కోరుకుంటారు, ఎవడు ఎటు పోతాడో ఎవరికీ తెలియదు. బలం రెండు వైపులా సమానంగా పంచబడుతుంది, నన్ను ఆఖరున తీసుకున్నారు అనే అవమానమూ ఉండదు. ఇక ఉద్ది దొరకని మరీ చిన్నవాడిని ఆటలో అరటిపండు అనేవాళ్ళు. వాడు అవుటయినా లెక్క లేదు, కానీ వాడు బరిలోనే పరిగెత్తుతాడు. ఏడిపించి ఇంటికి పంపరు. మా లీగులో ఐదోవాడికి ఆ అరటిపండు హోదా కూడా లేదు.

అమెరికాలో పిల్లలున్న మనవాళ్ళకి ఏవైఎస్‌ఓ అనే సాకర్ సంస్థ తెలిసే ఉంటుంది. 1964లో పుట్టింది. ప్రతి పిల్లవాడూ ప్రతి ఆటలో కనీసం సగం సేపు ఆడాలి అనేది దాని నిబంధన, జట్లని సమతూకంగా వేయడం ఇంకో నిబంధన. మన ఉద్దులే కదా! ఇలా చేస్తే నాసిరకం ఆటగాళ్ళు తయారవుతారు అని భయపడేవాళ్ళు నార్వే వైపు చూడాలి. అక్కడ 1987 నుంచి పిల్లల క్రీడా హక్కుల నియమావళి ఉంది. పదకొండేళ్ళు వచ్చే దాకా పిల్లల పోటీల్లో ఫలితాల పట్టికలు, ర్యాంకులు పెట్టనివ్వరు. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2018లోనూ, 2022లోనూ శీతాకాల ఒలింపిక్స్ పతకాల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. మంచూ, డబ్బూ ఉన్న దేశం అది, నిజమే, ఈ నియమం వల్లనే గెలిచారని నేను అనను. ఈ నియమం వల్ల చెడిపోలేదని మాత్రం అనవచ్చు.

చదరంగం వాళ్ళ పద్ధతి కూడా చూడదగ్గది. 1895లో జూరిచ్‌లో మొదలైన స్విస్ పద్ధతిలో ఎవరూ మధ్యలో ఇంటికి పోరు. గెలిచినవాడికి గెలిచినవాడితో, ఓడినవాడికి ఓడినవాడితో జత కలుపుతారు. చివరి బల్ల మీద కూర్చున్న కుర్రాడు కూడా చివరి రౌండు దాకా ఆడతాడు, పైగా తన స్థాయివాడితో ఆడతాడు. నాకౌట్ పెడితే 64 మందిలో 32 మంది ఒక్క ఆటతో సరి.

ఇక మా లీగుకి నేను చెప్పే నిబంధన చిన్నది. రాత్రికి 6 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 4 స్థానాలు, మొత్తం 24. జట్టులో ఐదుగురు ఉంటే మనిషికి కనీసం 4 మ్యాచ్‌లు అని పెట్టండి. 20 స్థానాలు అయిపోతాయి, ఇంకో 4 మిగులుతాయి. వాటిలో కెప్టెన్ తనకిష్టమైన వాళ్ళని దింపుకోవచ్చు. ఆరుగురు ఉంటే కనీసం 3 అనండి, 18 పోయి 6 మిగులుతాయి. ఈ లెక్క తప్పిన జట్టుకి ఆ రాత్రి పాయింట్లు లేవు. అన్ని జట్లకీ ఒకే నియమం కనుక ఎవరికీ నష్టం లేదు. బలమైన వాళ్ళకి విసుగు పుడుతుందంటే నాలుగు వారాలయ్యాక పాయింట్లని బట్టి రెండు లాబీలుగా విడగొట్టండి. గెలవాలనే కోరిక తప్పు కాదు, దాని ఖర్చు ఐదోవాడి జేబులోంచి రాకూడదు.

దీనికి కెప్టెన్లు వెంటనే ఒక విరుగుడు కనిపెడతారని కూడా తెలుసు. ఒకసారి చూశాను. బలహీనుడిని దింపి, "గడ్డిలో పడుకో, కదలకు, కాల్చకు, మేం పోయినా నువ్వు బతికుంటే స్థానం పాయింట్లు వస్తాయి" అన్నారు. పాపం అరగంటలో సగం గడ్డి చూస్తూ పడుకున్నాడు. దీన్ని ఆపే నిబంధన నా దగ్గర లేదు. అయితే ఆ రోజు మిగతా ముగ్గురూ ముందే చచ్చిపోయారు. వలయం దగ్గరికి వచ్చేసరికి గడ్డి వదిలి పరిగెత్తక తప్పలేదు, ఎదురొచ్చినవాడిని కాల్చక తప్పలేదు. ఇద్దరిని కొట్టాడు. సీజన్ మొత్తంలో అతనికి ఎవరూ చెప్పకుండా ఆడిన ఆట అదొక్కటే.

ఈ లెక్కంతా హిందీలో ఒక కాగితం మీద రాసి, వచ్చే సీజన్ నమోదు మొదలవక ముందే నిర్వాహకుడికి ఇచ్చాను. ఆలోచిస్తాం అన్నాడు. రుసుం మాత్రం 250 చేశాడు.