బల్ల ఒకటే... విస్తళ్ళే వేరు!

నెలలో మొదటి ఆదివారం మన తెలుగు చర్చిల్లో చాలావాటిల్లో "బల్ల" ఉంటుంది. క్రైస్తవులు కాని మిత్రుల కోసం చిన్న వివరణ: బల్ల అంటే ప్రభు భోజన సంస్కారం. సిలువకి ముందు రాత్రి యేసు శిష్యులతో కలిసి చేసిన చివరి భోజనాన్ని గుర్తు చేసుకుంటూ, రొట్టె విరిచి, ద్రాక్షారసం అందరూ పంచుకోవడం. కేథలిక్కులు దివ్య సత్ప్రసాదం అంటారు. బ్రదరెన్ వాళ్ళు రొట్టె విరుచుట అంటారు (వాళ్ళకి ప్రతి ఆదివారమూ ఉంటుంది). కొందరు ప్రభురాత్రి భోజనం అంటారు. పేరేదైనా చెప్పే మాట ఒకటే: రొట్టె ఒకటి, తినేవాళ్ళు ఎంతమందైనా ఒకే శరీరం.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? ఇప్పుడు అదే ఆదివారం సాయంత్రం ఏదైనా క్రైస్తవ పెళ్ళిసంబంధాల సైటు తెరిచి చూడండి. క్రిస్టియన్ అన్న మాట పక్కనే ఇంకో గడి ఉంటుంది. మాల, మాదిగ, కమ్మ, రెడ్డి, కాపు... పొద్దున ఒకే శరీరం, సాయంత్రానికి ఎవరి శరీరం వాళ్ళది!

నా వాదన సూటిగా చెప్పేస్తా. కలిసి భోంచెయ్యలేని వాళ్ళు, వియ్యం అందుకోలేని వాళ్ళు కలిసి బల్ల తీసుకుంటే అది ఆరాధన కాదు. నటన. ఇది నా సొంత కవిత్వం కాదు లెండి, పౌలు గారు రెండువేల ఏళ్ళ క్రితమే కొరింథు సంఘానికి దాదాపు ఇదే రాశాడు.

కొరింథులో ఏం జరిగిందో ఒకసారి చూద్దాం. అక్కడ బల్ల అంటే మనలాగా గోరంత అప్పం, ఉగ్గుగిన్నెడు రసం కాదు, నిజమైన భోజనం. ఉన్నవాళ్ళు తెచ్చుకున్నది ముందే తినేసి తాగి మత్తెక్కి కూర్చుంటే, లేనివాళ్ళు ఆకలి కడుపుతో చూస్తూ ఉండేవాళ్ళు. పౌలుకి ఒళ్ళు మండింది. మీరు చేసేది ప్రభు భోజనమే కాదు పొమ్మన్నాడు. ఎవర్ని వాళ్ళు పరీక్షించుకుని తినమన్న ఆ ప్రసిద్ధమైన మాట వచ్చేది సరిగ్గా ఈ సందర్భంలోనే.

మరి మన చర్చిల్లో ఆ మాటని ఎలా వాడుతున్నాం? బల్ల ముందు పాస్టరుగారు "పరీక్షించుకోండి" అనగానే అందరం కళ్ళు మూసుకుని గత నెలలో చూసిన సినిమాలు, తాగిన బీర్లు, మేనేజర్ని మనసులో తిట్టుకున్న తిట్లు లెక్కేసుకుంటాం. పౌలు అడిగిన ప్రశ్న అది కాదు మహాప్రభో! పక్కవాడు తిన్నాడా, వాడిని నువ్వు నీతో సమానంగా కూర్చోబెట్టుకున్నావా అన్నది ఆయన ప్రశ్న. ఆయన చెప్పిన పరిష్కారం కూడా కన్నీటి ప్రార్థన కాదు. ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగండి అన్నాడు, అంతే.

మన భాషలో చెప్పాలంటే, యూనిట్ టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. ఇంటిగ్రేషన్ టెస్ట్ ఒక్కసారీ రన్ చెయ్యలేదు. రిలీజ్ మాత్రం నెల నెలా ఠంచనుగా :)

అంతియొకయ కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. పేతురు అక్కడ యూదులు కాని విశ్వాసులతో కలిసి హాయిగా భోంచేస్తున్నాడు. ఇంతలో యెరూషలేము నుంచి యాకోబు తాలూకు మనుషులు వచ్చారు. అంతే, పేతురు మెల్లగా పక్కకి జరిగాడు. పౌలు అందరి ముందే ఆయన్ని నిలదీశాడు. హైదరాబాదులో ఆఫీసు క్యాంటీన్లో అందరితో కలిసి తిని, ఊరి నుంచి పెద్దనాన్న దిగగానే కులం గుర్తొచ్చే మనవాళ్ళకీ పేతురుకీ తేడా ఏమన్నా ఉందా? ఉంది. పేతురుని నిలదీయడానికి ఒక పౌలు ఉన్నాడు.

"అదంతా ఎక్కడో రోమా సామ్రాజ్యంలో, ఇక్కడికెందుకు?" అంటారా? ఇక్కడి చరిత్రే చూడండి. 1706లో జర్మను మిషనరీ జీగెన్‌బాల్గ్ తమిళ తీరంలో తరంగంబాడిలో దిగాడు. ఈ దేశంలో ప్రొటెస్టెంట్ మిషను మొదలైంది అక్కడే. ఆ తర్వాత ఆ సంఘాల్లో పైకులాల వాళ్ళకి ఒకవైపు, దళితులకి ఇంకోవైపు కూర్చునే ఏర్పాట్లు నడిచాయి. బల్ల దగ్గర కూడా ముందు వాళ్ళు, తర్వాత వీళ్ళు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఇక చాలు, చర్చిలో కులం పూర్తిగా వదలాల్సిందే అని ఉత్తరువు పంపాడు. ఏమైంది? మద్రాసు, తంజావూరు ప్రాంతాల్లో వందలమంది చర్చినే వదిలేసి వెళ్ళారు. కులాన్ని మాత్రం వదల్లేదు!

1850లో మద్రాసు మిషనరీల సమావేశం ఇంకొంచెం తెలివిగా ఆలోచించింది. నోటితో "నాకు కులం లేదు" అంటే ఎవరు నమ్ముతారు? అందుకని దళితులు వండిన భోజనం అందరితో కూర్చుని తినగలవా అని పరీక్ష పెట్టారు. మిషనరీల్లో తెల్లదొరతనం లేదని నేను అనను, అది వేరే చర్చ. కానీ ఆ పరీక్ష మాత్రం సరైన చోట పెట్టిన పరీక్ష. ఎందుకంటే మన దేశంలో కులం ఉండేది సిద్ధాంతంలో కాదు, వంటింట్లో.

ఇక మన తెలుగు నేల సంగతి. వి.ఎస్. అజరయ్య తమిళుడే అయినా, 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. దోర్నకల్లో ఆయన కట్టించిన కేథడ్రల్ చూసినవాళ్ళకి తెలుస్తుంది, గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన చర్చి అది. 1919లో ఆయనా, మరికొందరూ కలిసి చర్చిల ఐక్యతకి పిలుపునిచ్చారు. ఎక్కడో తెలుసా? అదే తరంగంబాడిలో. 1927లో స్విట్జర్లాండులోని లొజాన్ మహాసభలో తెల్లవాళ్ళ ముందే చెప్పాడు: చర్చిల మధ్య చీలికలు మీకు బలహీనత మాత్రమే, మాకు మాత్రం అది పాపం అని.

చర్చలు 28 ఏళ్ళు సాగాయి. పీటముడి ఎక్కడ పడిందంటే, ప్రధానంగా బిషప్పుల దగ్గర, అంటే ఎవరు అభిషేకించిన పాస్టరు చేతి బల్ల చెల్లుతుందన్న దగ్గర. అజరయ్య 1945 జనవరి 1న పోయాడు, ఫలితం చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. మనం సి.ఎస్.ఐ. అంటాం కదా, అదే. బిషప్పులున్న ఆంగ్లికన్లూ, బిషప్పుల పొడ గిట్టని వాళ్ళూ కలిసిపోవడం ప్రపంచంలో అంతకుముందు జరగలేదు. దేశానికి స్వాతంత్య్రం వచ్చి ఆరువారాలే, ఒకపక్క విభజన నెత్తురు పారుతోంది, ఇంకోపక్క ఈ కలయిక. అలాగని అందరూ చేరారని కాదు. ఆంధ్రలో లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది అప్పట్లో రాలేదు.

ఆ కొత్త సంఘం 1950లో వాడుకలోకి తెచ్చిన ఆరాధన క్రమంలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. బల్లకి ముందు "సమాధానం" ఇచ్చుకోవడం. పాస్టరు చేతుల్లోంచి మొదలై, ఒకరి చేతుల్లో ఇంకొకరు చేతులు పెట్టి, చివరి వరసదాకా మనిషి నుంచి మనిషికి అందించాలి. కేరళలోని ప్రాచీన సిరియన్ క్రైస్తవుల ఆచారం నుంచి తెచ్చుకున్నది. అంటరానితనం పాటించిన దేశంలో ముట్టుకోవడాన్నే ఆరాధనలో భాగం చేశారు! ఇంతకన్నా గొప్ప డిజైన్ ఉంటుందా? ఇప్పుడు చాలాచోట్ల దాని గతి ఏమిటంటే, నిలబడ్డచోటే అటో దండం, ఇటో దండం, రెండు సెకన్లలో ముగింపు.

అంటే 1947లో మన పెద్దలు సగం పని చేశారు. లండను నుంచి, స్కాట్లాండు నుంచి దిగుమతైన గోడలు పడగొట్టారు. మనం సొంతంగా కట్టుకున్న గోడ మాత్రం పడలేదు. సంఘ ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఏ కులం ఓట్లెన్నో కమిటీ సభ్యులకి కంఠతా వచ్చు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారిని కార్డినల్ చేస్తే "మొదటి దళిత కార్డినల్" అని అందరం సంతోషించాం. సంతోషించాల్సిందే. కానీ కేథలిక్కుల్లోనూ ఎక్కువమంది దళితులే అయిన రాష్ట్రాలు మనవి, "మొదటి" అన్న మాట 2022దాకా ఎందుకు ఆగాల్సొచ్చిందో కూడా అడగాలిగా?

ఇక మన సాఫ్ట్‌వేర్ జనాల దగ్గరికి వద్దాం. ఊళ్ళో ఒకటే చర్చి, ఇష్టం ఉన్నా లేకపోయినా అందరూ అక్కడే కూర్చోవాలి. నగరానికొచ్చాక మనకి ఛాయిస్ వచ్చింది. ఏసీ, మంచి మ్యూజిక్ టీము, పార్కింగు, పిల్లలకి ఇంగ్లీషులో సండే స్కూలు. ఒకే చర్చిలో ఇంగ్లీషు ఆరాధన ఒక పూట, తెలుగు ఆరాధన ఇంకో పూట. కార్లలో వచ్చేవాళ్ళు ఒక పూట, ఆటోల్లో వచ్చేవాళ్ళు ఇంకో పూట! ఒకే సంఘం అని రిజిస్టర్లో ఉంటుంది, ఒకళ్ళ మొహం ఒకళ్ళకి తెలీదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, అదే అపార్ట్‌మెంట్లో ఉండే ఆర్కిటెక్టు ఒకే చర్చికెళ్తూ ఎప్పుడూ ఒకే బల్ల తీసుకోకపోవడం సాధ్యమే. పైన అప్పం, కింద రసం పెట్టి సీలు వేసిన ప్యాకెట్లు కూడా వచ్చేశాయి. 2020 లాక్‌డౌన్లో అవసరమయ్యాయి, ఒప్పుకుంటా. అవసరం తీరాక కూడా అదే సుఖంగా ఉందంటేనే అనుమానం వస్తుంది.

హైదరాబాదులో ఒక సంఘంలో (పేరు వద్దు) మొదటి ఆదివారం బల్ల తర్వాత అందరం కలిసి భోంచేద్దామని నేనూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ ప్రతిపాదించాం. కమిటీలో ఒక పెద్దాయన అడిగిన మొట్టమొదటి ప్రశ్న: "వంట ఎవరు చేస్తారు బాబూ?" ఖర్చు ఎంతని కాదు, చోటు సరిపోతుందా అని కాదు. మేం మన సంఘంలోవాళ్ళే అని పేర్లు చెప్పాం. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత "క్యాటరింగ్ అయితే చూద్దాం" అన్నారు. అదీ చూడలేదు. 1850 నాటి పరీక్ష ఇంకా పాసవ్వలేదని నాకు ఆరోజు అర్థమైంది.

సరే, అభ్యంతరాలు నాకు తెలుసు, ఒక్కొక్కటీ చూద్దాం.

"బల్ల నాకూ దేవుడికీ మధ్య వ్యక్తిగత విషయం." కాదు. వ్యక్తిగతమైతే ఇంట్లో మోకరించి ప్రార్థన చేసుకోవచ్చు, దానికెవరూ అడ్డు రారు. ఒకే రొట్టె విరిచి నలుగురికీ పంచడం వ్యక్తిగతం ఎలా అవుతుంది?

"పెళ్ళి కుటుంబ విషయం, చర్చికేం సంబంధం?" మరి పెళ్ళి చర్చిలో ఎందుకు చేస్తున్నారు? మూడువారాల ముందు నుంచీ సంఘంలో ప్రకటన ఎందుకు చదివిస్తున్నారు? ప్రతి ఒక్కరూ కులాంతర వివాహం చేసుకుని తీరాలని నేననడం లేదు. కులం గడి నింపి అటువైపు తలుపు ముందే మూసెయ్యకండి అంటున్నా.

"ఇలాంటివి బయట రాస్తే క్రైస్తవుల్ని ఆడిపోసుకునేవాళ్ళకి ఆయుధం ఇచ్చినట్టే. ఇంటిగుట్టు లంకకు చేటు." ఇది గుట్టేనా అసలు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు వల్ల దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషనుతో సరిపెట్టుకుంటున్నారు. మతం మారినా వివక్ష పోలేదని ప్రభుత్వం ముందు మనమే వాదిస్తున్నాం. అది నిజం కూడా. ఢిల్లీలో చెప్పే నిజం చర్చి గోడల మధ్య చెప్పకూడదా?

"మీ చర్చి వేరు, మా చర్చి సిద్ధాంతం వేరు, అన్ని బల్లలూ ఒకటెలా అవుతాయి?" సిద్ధాంత భేదాలున్నాయి, కాదనను. ముంచే బాప్తిస్మమా, చిలకరించేదా అన్నది వాదించుకోదగ్గ విషయమే. కానీ చాలాసార్లు ఆ సిద్ధాంతం ముసుగు తీస్తే కింద కనపడేది ఊరూ వాడానే.

మరేం చెయ్యాలి? బక్త్‌సింగ్ గారి హెబ్రోను సంఘాలు దారి చూపించాయి. హైదరాబాదు గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోనులో ఆరాధన తర్వాత "ప్రేమ విందు" పెట్టేవాళ్ళు. చాపల మీద బంతిగా కూర్చుని అందరూ అదే అన్నం, అదే కూర. ఆ సంఘాల పద్ధతులన్నీ నాకు నచ్చవు, ఆడవాళ్ళ విషయంలో మరీనూ. ఈ ఒక్క విషయంలో మాత్రం మిగతా అందరికంటే పౌలుకి దగ్గరగా ఉన్నది వాళ్ళే. దీనికి సినాడ్ తీర్మానాలు అక్కర్లేదు. మొదటి ఆదివారం ఇంగ్లీషు, తెలుగు ఆరాధనలు కలిపెయ్యండి. బల్ల తర్వాత భోజనం పెట్టండి. వంట వంతులవారీగా చెయ్యండి, క్యాటరింగ్ వద్దు. మీ ప్రొఫైల్లో కులం గడి ఖాళీగా వదిలెయ్యండి, అమ్మానాన్నలు నింపితే తీసెయ్యండి. ప్రొడక్షన్లో అప్పటికప్పుడు మార్పులు నెట్టగలిగే మనకి ఆ ఒక్క గడి మార్చడం కష్టమా?

ఇవేవీ కుదరవంటే ఒక్క పని చెయ్యండి. వచ్చే నెల బల్ల దగ్గర కళ్ళు మూసుకోకండి. తెరిచి పక్కకి చూడండి. ఆ పక్కనున్న మనిషి ఇంట్లో మీరు ఎప్పుడన్నా అన్నం తిన్నారా? మీ ఇంట్లో ఆయన తిన్నాడా? లేదంటే రొట్టె అందుకునే ముందు ఆయన్ని భోజనానికి పిలవండి. పిలవడానికి నోరు రాకపోతే, ఆ నెలకి రొట్టె పళ్ళెం ముందుకి పంపించెయ్యండి. అదే నిజాయితీ.