బీరేన్ సింగ్ గారూ, ఆ క్షమాపణ దేనికి?

జనవరి 2025

మణిపూర్ ముఖ్యమంత్రి శ్రీ ఎన్. బీరేన్ సింగ్ గారికి,



డిసెంబరు 31న మీరు విలేకరులను పిలిచి, మెయితెయి–కుకీ గొడవల విషయమై రాష్ట్ర ప్రజలకు క్షమాపణ చెప్పారు. జరిగిందేదో జరిగిపోయింది, పాత తప్పులు మన్నించి కొత్త జీవితం మొదలుపెడదామన్నారు. ఇన్నాళ్లకైనా నోరు విప్పారు కదా అనుకుంటుండగానే మీ రెండో మాట వచ్చింది. ప్రధాని మణిపూర్ ఎందుకు రారని కాంగ్రెస్ నాయకుడొకరు అడిగితే, నాగా–కుకీ ఘర్షణల్లో సుమారు 1,300 మంది పోయినప్పుడు పీవీ నరసింహారావు వచ్చి క్షమాపణ చెప్పారా అని ఎదురడిగారు.

మావాడి పేరు ఎత్తారు కనుక ఈ ఉత్తరం. పీవీని ఏమీ అనొద్దని నేననను. బాబ్రీ మసీదు కూలిన రోజు గురించి ఆయన్ని మేమూ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. కానీ ముప్పయ్యేళ్ల కిందటి ప్రధాని రాకపోతే, అది ఈనాటి ముఖ్యమంత్రికి సాకెలా అవుతుంది? ఆయన చేసింది తప్పయితే, మీరు దాన్నే ఆదర్శంగా పెట్టుకున్నారా? నిరుడు ఫిబ్రవరిలో ఆయనకు భారతరత్న ప్రకటించింది మీ పార్టీ ప్రభుత్వమే కదా! అప్పుడు గుర్తురాని మణిపూర్ ఇప్పుడు గుర్తొచ్చిందా?

సరే, క్షమాపణ సంగతికొద్దాం. దేనికి చెప్పారు?

2023 మే 4న ఇద్దరు స్త్రీలను వివస్త్రలను చేసి ఊరేగించారు. ఆ నెలలోనే కేసు నమోదైంది. జులై 19న వీడియో బయటపడేదాకా ఒక్కరినీ పట్టుకోలేదు. ఇలాంటి కేసులు వందల్లో ఉన్నాయి, అందుకే ఇంటర్నెట్ ఆపామని అప్పుడు మీరే టీవీలో చెప్పారు. ఆ మాటకా క్షమాపణ? ఒకప్పుడు సొంత పత్రిక నడిపిన మనిషికి ఆ మాట నోటికెలా వచ్చింది? పోలీసు ఆయుధాగారాల్లోంచి వేల తుపాకులు ఎత్తుకుపోతుంటే హోం శాఖ మీ దగ్గరే ఉంది. దానికా? 2023 జూన్ 30న రాజీనామాకని బయలుదేరారు, అభిమానులు ఆ కాగితం చింపితే వెనక్కి తిరిగిపోయారు. దానికా? మీరే ఇచ్చిన లెక్క ప్రకారం కేసులు 12,247, అరెస్టయినవాళ్లు 625 మంది. ఈ లెక్కకా? మొన్న నవంబరులో జిరిబామ్‌లో హ్మార్ తెగ స్త్రీని చంపారు. నాలుగు రోజులకే పసిబిడ్డతో సహా ఆరుగురు మెయితెయి స్త్రీలనూ పిల్లలనూ ఎత్తుకుపోయి చంపారు. వీళ్లందరికీ కలిపి ఒకే ‘సారీ’తో సరిపెట్టారా?

2023 మేలో గొడవలు మొదలైన వారంలో మా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ విమానాలు పెట్టి ఇంఫాల్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలను ఇళ్లకు చేర్చుకున్నాయి. మీ రాష్ట్రంలో సుమారు 60 వేల మంది ఇళ్లు వదిలితే, వాళ్లలో వేలమంది ఇంకా శిబిరాల్లోనే ఉన్నారు. ఇంఫాల్ విమానాశ్రయానికి రాలేక కుకీలు మిజోరంలోని ఐజ్వాల్ దాకా కొండదారి పట్టి పోతున్నారు. మెయితెయిలు కుకీలుండే చురాచాంద్‌పూర్‌లో కాలు పెట్టలేరు. మీరైనా ఆ ఊరి నడివీధిలో నిలబడి ఈ క్షమాపణ చెప్పగలరా?

సైన్యానికిచ్చిన ప్రత్యేకాధికారాలు, వాటిని ఎత్తేయాలని ఇరోమ్ షర్మిల చేసిన పదహారేళ్ల దీక్ష, ఇంకా వెనకటి సంగతులు ఎత్తను. అవి నాకంటే మీకే బాగా తెలుసు. ఢిల్లీకి తెలియవా అంటే, తెలుసు. తెలిసీ పట్టకపోవడమే దశాబ్దాలుగా చూస్తున్నాం.

మిమ్మల్ని మన్నించాలో లేదో తేల్చుకోవలసింది కొండల్లో, లోయలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు. వాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ తప్పుకు క్షమాపణ అడుగుతున్నారో పేరు పెట్టి చెప్పండి. అది చేతకాకపోతే ఆ కుర్చీ ఖాళీ చేయండి.

ఇట్లు,
ఒక తెలుగు పౌరుడు