పక్కన నాలుగడుగులు



“ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చాడు” అనే మాట మన సమాజానికి మహా ఇష్టం. పెద్ద కులాల కుర్రాడు గెలిస్తే అది స్వయంకృషి. మన పిల్ల గెలిస్తే మాత్రం వెంటనే లెక్కలు తీస్తారు. ఫీజు ఎవరు కట్టారు? సీటు ఏ కేటగిరీలో వచ్చింది? కటాఫ్ ఎంత? సాయం అందితే సత్తా లేనట్టేనన్న ఈ లెక్క ఎంత బోగస్సో ఈ వారం మాట్లాడుకుందాం. ఉదాహరణగా మారథాన్‌ని తీసుకుంటాను.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల పరుగు. చూసేవాళ్లకి అది ఒంటరి మనిషి ఆటలా ఉంటుంది. 2019 అక్టోబర్ 12న వియన్నాలో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే ఆ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేశాడు. రెండు గంటల లోపు ఆ దూరం దాటిన తొలి మనిషి అతనే. అయితే ఆ రోజు అతని కోసం 41 మంది పేసర్లు వంతులవారీగా పరిగెత్తారు. గాలి మీద పడకుండా ముందు ఐదుగురు, వెనక ఇద్దరు. ముందు వెళ్లే కారు రోడ్డు మీద లేజర్ గీత గీస్తూ పోయింది. నీళ్లు సైకిల్ మీద తెచ్చి చేతికిచ్చారు. ఇన్ని ఏర్పాట్లున్నాయి కాబట్టే దాన్ని అధికారిక ప్రపంచ రికార్డుగా లెక్కించలేదు. కానీ కిప్చోగే సత్తాని శంకించినవాళ్లు ఎవరున్నారు? 41 మంది తోడున్నా, ఆ ప్రతి అడుగూ వేసింది అతని కాళ్లే కదా.

మరి మన పిల్లలకి ఒక్క పేసర్ దొరికితే ఎందుకంత కడుపుమంట?

నేను డిగ్రీలో ఉండగా జాషువా ‘గబ్బిలం’ మీద ఒక వ్యాసం రాసి ఇచ్చాను. చదివిన లెక్చరర్ నోట్లోంచి వచ్చిన మొదటి మాట: “ఎవరు రాసిచ్చార్రా?” బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. గుడి తలుపు దాటలేని మనిషి తన గోడు గబ్బిలానికి చెప్పుకున్న కావ్యం మీద రాస్తే దక్కిన స్పందన అది. ఇది నా ఒక్కడి కథ అయితే ఇక్కడ రాయను. 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ మీద ఇచ్చిన నివేదికలో, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అధ్యాపకుల నుంచి తగిన సహకారం అందడం లేదని నమోదైంది. దేశంలో పేరుమోసిన వైద్య కళాశాల సంగతే అది. ఊరి డిగ్రీ కాలేజీ సంగతి మీరే ఊహించుకోండి.

1967లో బోస్టన్ మారథాన్‌లో క్యాథరీన్ స్విట్జర్ అనే అమ్మాయి 261 నంబర్‌తో పరిగెడుతుంటే, నిర్వాహకుల్లో ఒకాయన ట్రాక్ మీదికొచ్చి ఆ నంబర్ లాక్కోబోయాడు. ఆడవాళ్లకి అక్కడేం పనని. పక్కనే పరిగెడుతున్న స్నేహితుడు అతన్ని నెట్టేశాడు. కోచ్ ఆమెని ఆగకుండా పరిగెత్తమన్నాడు. ఆమె పరుగు పూర్తిచేసింది. ఆ మారథాన్ ఆడవాళ్లని అధికారికంగా ఒప్పుకోవడానికి 1972 దాకా పట్టింది. మన క్యాంపస్‌లలో ఈ నంబర్ లాక్కునే పని రోజూ జరుగుతుంది. అది చేత్తో జరగదు, చూపుతో, నవ్వుతో, వైవాలో ఒక ప్రశ్నతో జరుగుతుంది. అందుకే చాలామంది పరుగు మధ్యలో ఆపేస్తారు. వాళ్ల కాళ్లలో బలం లేక కాదు.

ప్రోత్సహిస్తే పిల్లలు చెడిపోతారన్న భయం మన ఇళ్లల్లోనూ ఉంది. బాబాసాహెబ్ ఇంట్లోనూ ఉండేది. ‘బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’కి ఆయన రాసుకున్న ముందుమాటలో ఈ ముచ్చట ఉంది. ఇంగ్లిష్ నాలుగో తరగతి పాసైనప్పుడు తనవాళ్లు అభినందన సభ పెడతామన్నారు. తండ్రి వద్దన్నాడు, పిల్లాడికి తలకెక్కుతుందని. వాళ్లు ఊరుకోలేదు. తండ్రి స్నేహితుడు దాదా కేలుస్కర్ దగ్గరికి పోయి చెప్పించారు. సభ జరిగింది. కేలుస్కర్ అధ్యక్షత వహించి, తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్ర ఆ పిల్లాడి చేతిలో పెట్టాడు. ఆ పుస్తకం ఎక్కడి దాకా తీసుకెళ్లిందో 1956లో నాగ్‌పూర్ చూసింది. చిన్న క్లాసు పాసైనందుకు సభ ఏమిటని నవ్వినవాళ్లు ఆ రోజుల్లోనూ ఉండే ఉంటారు. కానీ ఎంత దూరం వచ్చాడన్నది ఎక్కడ మొదలుపెట్టాడో చూసి కొలవాలి. ఆ సభ పెట్టిన పేరు తెలియని మనుషులకి ఆ కొలత తెలుసు.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. “మీరు ఎక్కగలరు” అన్న మాట ఒక్కటే వాళ్లని ఎక్కించలేదు. భువనగిరి గుట్ట మీద శిక్షణ, ఆ తర్వాత హిమాలయాల్లో శిక్షణ, తిండి, బూట్లు, వెంట నడిచిన కోచ్‌లు ఉన్నారు. మాటకి వెనక సరంజామా ఉంటేనే అది ప్రోత్సాహం అవుతుంది.

ఇది నాకు ఒంటికి పట్టేలా తెలిసింది హైదరాబాద్ మారథాన్ పరిగెత్తినప్పుడు. నెక్లెస్ రోడ్డులో తెల్లవారకముందే మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ గచ్చిబౌలి చేరాలి. ముప్పై కిలోమీటర్లు దాటేసరికి ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటుతుంది. రన్నర్లు దాన్ని గోడ అంటారు. నాకా గోడ తగిలి డివైడర్ మీద కూర్చోబోతుంటే, రోడ్డు ఊడుస్తున్న ఒక పెద్దమ్మ చీపురు ఆపి అంది: “కూసోకు బిడ్డా. కూసుంటె మళ్ల లేవవు. నడుసుకుంటనన్న పో.” అందులో పొగడ్త లేదు. ఇంక కొంచెమే ఉందన్న అబద్ధం లేదు. రోజంతా నిలబడి పనిచేసే మనిషికి అలసిన కాళ్ల గురించి తెలిసిన సంగతి ఉంది. నడిచాను. కాసేపటికి మళ్లీ పరిగెత్తాను.

దారి పొడవునా వాలంటీర్లు చెయ్యి చాచి నీళ్ల గ్లాసు అందించారు. టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఇంట్లో పుట్టినవాణ్ని. పైనుంచి దోసిట్లోకి పోసే నీళ్లకీ, చేతికి అందించే నీళ్లకీ తేడా మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

చివర్లో నా మెడలో మెడల్ వేశారు. ఆ పెద్దమ్మ రోజూ ఊడ్చే దూరానికి మెడల్ లేదు. చప్పట్లు కూడా నిచ్చెన పైమెట్లకే చేరతాయి. 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా బాల్కనీల్లో నిలబడి పళ్లాలు మోగించింది. సఫాయి కార్మికులకి కావాల్సింది గ్లోవ్స్, పర్మనెంట్ ఉద్యోగం, సరైన జీతం. హక్కు ఇవ్వాల్సిన చోట చప్పట్లు కొట్టడం మోసం. ప్రోత్సాహం పేరుతో అది మాకొద్దు.

ఇక మన సంగతి. ఉద్యమాల్లో మనకి విమర్శ బాగా వచ్చు. జూనియర్ మొదటి కవిత పెడితే సిద్ధాంత దోషం వెతుకుతాం. మొదటిసారి మైకు పట్టుకున్న చెల్లి తడబడితే వాట్సాప్ గ్రూప్‌లో నవ్వుతాం. నచ్చింది మాత్రం మనసులో దాచుకుంటాం. విమర్శ ఉండాల్సిందే. కానీ అగ్రహారం నుంచి పిసినారితనం మనం అప్పు తెచ్చుకోవడం దేనికి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను అడిగేవి చిన్న పనులే. ఎవరైనా బాగా రాస్తే ఏ వాక్యం బాగుందో పేరుపెట్టి చెప్పండి. సన్మానం దాకా ఆగొద్దు, ముప్పయ్యో కిలోమీటరు దగ్గర చెప్పండి. అంటే ఫస్ట్ సెమిస్టర్ బ్యాక్‌లాగ్ వచ్చినప్పుడు, సినాప్సిస్ తిరిగొచ్చినప్పుడు, స్కాలర్‌షిప్ రాక హాస్టల్ ఖాళీ చేద్దామనుకుంటున్నప్పుడు. ఉత్త మాట చెప్పి రాకండి. అప్లికేషన్ ఆఖరి తేదీ గుర్తుచేయండి, నోట్స్ ఇవ్వండి, ఆఫీసుకి తోడు వెళ్లండి. కష్టం ఎంత మిగిలిందో నిజం చెప్పండి.

మీ డిపార్ట్‌మెంట్‌లో ఈ నెల క్లాసుకి రావడం మానేసిన పిల్ల ఒకరు ఉంటారు. ఎవరో మీకు తెలుసు. ఈ రాత్రే ఫోన్ చేయండి.

జై భీమ్.