పరపతి

మన దేశభాషలలో కొన్నింట ఒక చిత్రము కానవచ్చును. అప్పు పుట్టుటకును, నలుగురిలో మాట చెల్లుటకును అవి ఒకే పదమును వాడుచున్నవి. హిందీవారు ‘సాఖ్’ అందురు. మరాఠీవారు ‘పత్’ అందురు. తెలుగువారు ‘పరపతి’ అందురు. గ్రామములోని సహకార పరపతి సంఘము పేరులో ఉన్నదియు, మంత్రిగారి వద్ద ఫలానావానికి పరపతి కలదని చెప్పుకొనునపుడు వినబడునదియు ఆ ఒక్క మాటయే. మాట నిలుపుకొనువానికి అప్పు పుట్టునను మంచి తలంపుతోనే పెద్దలు ఈ రెండర్థములను ఒక పదమున ఇమిడ్చియుందురు. నేడు మన బ్యాంకుల వ్యవహారము చూచినచో ఆ తలంపు తలక్రిందులైనది. పలుకుబడి గలవానికి అప్పు పుట్టుచున్నది. తీర్చకపోయినను వాని పలుకుబడి తరుగుట లేదు. తీర్చని అప్పు కొండవలె పెరిగినకొలదియు బ్యాంకు పెద్దలు వాని గుమ్మము చుట్టు తిరుగుట కూడ కలదు.

బ్యాంకు అను సంస్థలో మనకు అంతుపట్టని విషయమేదియు లేదు. అది పరుల సొమ్ముతో వ్యాపారము చేయును. పింఛను పుచ్చుకొను గుమాస్తా, కూతురి పెండ్లికని కూడబెట్టిన దర్జీ, ధాన్యమమ్మిన రైతు అందులో దాచుకొన్న సొమ్మే దాని బలము. యజమానులు సొంతముగా పెట్టినది అది త్రిప్పు మొత్తములో స్వల్పభాగము మాత్రమే. లాభము వచ్చినచో ఆ స్వల్పభాగమువారు పంచుకొందురు. నష్టము ఆ స్వల్పభాగమును మించిపోయినచో ఎవరు భరింపవలెను? ఈ ప్రశ్నకు మన దేశము నూరేండ్లకు పైబడి ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము చెప్పుచు వచ్చినది. అప్పు తిన్నవానిని ముందువరుసలో నిలువబెట్టిన సమాధానము మాత్రము అరుదు.

మొదటి సమాధానము కఠినమైనది: దాచుకొన్నవాడే పోగొట్టుకొనును. 1906 అక్టోబరులో చెన్నపట్టణమున అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినపుడు దక్షిణదేశమున వేలకొలది మంది తమ కష్టార్జితమును పోగొట్టుకొనిరి. ఆ కంపెనీకి పెద్దయైన సర్ జార్జి అర్బత్‌నాట్‌కు పదునెనిమిది మాసముల కఠినకారాగారము విధింపబడినది. పరాయి ప్రభుత్వపు రోజులలో, తెల్లవారి కంపెనీ విషయమున జరిగిన సంగతి యిది. స్వరాజ్యము వచ్చిన పిదప ఇట్టి దృశ్యము మనకు తరచుగా కనబడలేదు. 1938లో ట్రావెన్‌కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలినది. 1960 ఆగస్టు 8వ తేదీన కేరళములో అన్నిటికంటె పెద్దదైన పాలై సెంట్రల్ బ్యాంకును మూసివేయుమని కోరుచు రిజర్వు బ్యాంకే హైకోర్టు మెట్లెక్కినది. ఆ గగ్గోలు ఫలితముగా 1962 జనవరి 1 నుండి డిపాజిట్లకు భీమా ఏర్పడినది. మనిషి ఒక్కింటికి 1,500 రూపాయలు! ఆ పరిమితి పెరిగి పెరిగి 1993లో లక్ష రూపాయలైనది. అటుపిమ్మట ఇరువదియారు సంవత్సరములకు పైగా అంగుళమైనను కదలలేదు. ధరలు మాత్రము కదలినవి.

దానిని కదలించినది పార్లమెంటువారి కరుణ యని నేననుకొనను. 2019 సెప్టెంబరు 23న పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించినది. ఖాతాలో ఎంత సొమ్మున్నను ఆరు మాసములకు కలిపి వేయి రూపాయలే తీసికొనవలెనని తొలి ఉత్తరువు. బ్యాంకు ఇచ్చిన అప్పులలో అత్యధికభాగము ఒకే గృహనిర్మాణ వ్యాపార కుటుంబమునకు పోయినదనియు, ఆ సంగతి పరీక్షకుల కంటబడకుండ వేలకొలది దొంగఖాతాలు పుస్తకములలో వ్రాయబడినవనియు బయటపడినది. కంచె చేను మేయుట యన్న నిదియే. ముంబయిలో ముసలివారు, ఆడువారు బ్యాంకు వాకిళ్ళ ముందును, కోర్టు ముందును నిలబడి కేకలు వేసిరి. వేయి రూపాయలు పదివేలైనవి, పిదప ఇరువదియైదు వేలైనవి, 2020 జూనునాటికి లక్షయైనవి. 2020 ఫిబ్రవరిలో భీమా అయిదు లక్షలకు పెరిగినది. 2022 జనవరిలో ఆ బ్యాంకును ఒక క్రొత్త చిన్న బ్యాంకులో కలిపిరి. అయిదు లక్షలకు మించి దాచుకొన్నవారికి మిగిలిన సొమ్ము పదేండ్లవరకు వాయిదాలలో ముట్టునట్లు ఏర్పాటు చేసిరి. డెబ్బదియేండ్ల వృద్ధునికి పదేండ్ల వాయిదా యనగా నేమో ఆ పథకము వ్రాసినవారు ఒక్కమారు ఆలోచించియుండవలసినది.

రెండవ సమాధానము 1969లో వచ్చినది. ఆ సంవత్సరము జులై 19న పదునాలుగు పెద్ద బ్యాంకులు ప్రజల పరమైనవి. 1980లో మరి ఆరు చేరినవి. 1923లో మచిలీపట్టణమున పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ రెండవ గుంపులోనిది. ఈ జాతీయకరణమును తక్కువచేసి మాటలాడుటకు నేను సిద్ధముగా లేను. 1951-52లో జరిగిన గ్రామీణ ఋణ పరిశీలనములో, పల్లెవాసి చేసిన అప్పులలో వాణిజ్య బ్యాంకులిచ్చినది నూటికి ఒక్క రూపాయికంటె తక్కువయని తేలినది. తక్కినదానిలో ఎక్కువభాగము వడ్డీవ్యాపారుల చేతిలోనిదే. బ్యాంకు అను బల్లను చూడని ఊళ్ళకు 1969 తరువాతనే బ్యాంకు వెళ్ళినది. అయితే ఆనాడు మనము మార్చినది యజమానిని. అప్పులు మంజూరు చేయు గది తలుపులను మాత్రము తెరువలేదు. ఆ గదిలోనికి పోవు పెద్దమనుష్యులు వారే. టెలిఫోను మ్రోగునది మాత్రము ఇపుడు ఢిల్లీనుండి.

ఆ తలుపుల వెనుక ఏమి జరిగినదో 2015 తరువాత కొంత తెలిసినది. రిజర్వు బ్యాంకు గట్టిగా లెక్కలు తీయించగా దాగియున్న రానిబాకీలు పైకి తేలినవి. 2018 మార్చినాటికి దేశములోని వాణిజ్య బ్యాంకుల అప్పులలో నూటికి 11.2 వంతులు, ప్రభుత్వ బ్యాంకులలోనైతే నూటికి 14.6 వంతులు మొండిబాకీలు. వీనిలో పెక్కు 2006-08 నాటి మంచికాలములో ఇచ్చినవని మాజీ గవర్నరు రఘురామ్ రాజన్ పార్లమెంటరీ సంఘమునకు 2018లో వ్రాసిరి. అన్నియు మోసములని నేననుట లేదు. ప్రపంచమంతట వ్యాపారము క్రుంగినది; 2014లో సుప్రీముకోర్టు బొగ్గుగనుల కేటాయింపులను రద్దు చేయగా వానిని నమ్మి కట్టిన విద్యుత్కేంద్రములు నిలిచిపోయినవి. వ్యాపారమన్న నష్టముండును. కాని పాత అప్పు వాయిదా కట్టుటకు క్రొత్త అప్పిచ్చి, ఖాతా పచ్చగానున్నదని ఏటేట వ్రాసికొనుట వ్యాపారనష్టము కాదు. పల్లెలో ఆ పని చేసినవానిని అప్పుచేసి పప్పుకూడు తినువాడని ఎగతాళి చేయుదురు. పట్టణములో దానికి ‘ఋణ పునర్వ్యవస్థీకరణ’ యని పేరు.

ఆ నష్టమును పూడ్చిన విధము పాఠకులు నిదానముగా గ్రహింపదగినది. 2016-17 మొదలు 2020-21 వరకు అయిదేండ్లలో ప్రభుత్వ బ్యాంకులకు కేంద్రము సమకూర్చిన మూలధనము సుమారు 3 లక్షల 11 వేల కోట్ల రూపాయలు. బడ్జెటునుండి రొక్కముగా ఇచ్చినది సుమారు 35 వేల కోట్లు. తక్కిన 2 లక్షల 76 వేల కోట్లు బాండ్ల రూపమున ఇచ్చినది. బాండ్లనగా నేమి? ప్రభుత్వము పత్రములు వ్రాసెను. డిపాజిటుదారులు దాచుకొన్న సొమ్ముతో బ్యాంకు ఆ పత్రములను కొనెను. ప్రభుత్వము ఆ సొమ్ముతోనే ఆ బ్యాంకు వాటాలను కొనెను. సొమ్ము ఈ గదినుండి ఆ గదికి పోయి మరల ఈ గదికే వచ్చినది. మిగిలినదల్లా పత్రముపై ఏటేట కట్టవలసిన వడ్డీ. ఆ వడ్డీ కట్టువాడు అగ్గిపెట్టె కొన్నను, చెప్పులు కొన్నను పన్ను చెల్లించు మనిషి. తన దాపుడు సొమ్ముతో తన బ్యాంకును తానే రక్షించుకొని, ఆ రక్షణకు వడ్డీ కూడ తానే కట్టుచున్న సంగతి వాడెరుగడు. ఎవరును వానికి చెప్పలేదు.

తరువాత ఆ బ్యాంకులు కోలుకొన్నవి. 2023-24లో ప్రభుత్వ బ్యాంకుల నికరలాభము అన్నియు కలిపి లక్షా నలువది వేల కోట్లకు మించినది. సంతోషమే. రోగి లేచి తిరుగుచున్నాడు గనుక వానికి విషము పెట్టినదెవరని అడుగవలదనుట మాత్రము వింతవాదము.

ఈ వ్యవహారమునకు ఒక ప్రత్యేకభాషయే పుట్టినది. రైతుకు విడిచినచో ‘మాఫీ’. కంపెనీకి విడిచినచో ‘రైటాఫ్’. రెండును ఒకటి కావని అధికారులు మనకు పాఠము చెప్పుదురు: రైటాఫ్ అనగా లెక్కపుస్తకములోనుండి తీసివేయుట మాత్రమే, బాకీ వసూలు చేయు హక్కు పోలేదట. శాస్త్రరీత్యా నిజమే. ఆచరణలో ఏమైనది? 2014-15 మొదలు తొమ్మిదేండ్లలో వాణిజ్య బ్యాంకులు ఇట్లు తీసివేసినది 14 లక్షల 56 వేల కోట్లనియు, అందులో 7 లక్షల 40 వేల కోట్లు భారీ పరిశ్రమలు, సేవాసంస్థలవే యనియు, రైటాఫ్ చేసిన బాకీలలో వసూలైనది 2 లక్షల 4 వేల కోట్లనియు ప్రభుత్వమే 2023లో పార్లమెంటుకు చెప్పినది. నూటికి పదునాలుగు రూపాయలు. పోని హక్కు ఇదియే కాబోలు.

మరియొక మాట ‘హెయిర్‌కట్’. 2016నాటి దివాలా చట్టము క్రింద కంపెనీని అమ్మినపుడు బ్యాంకులు వదలుకొను భాగమునకు ఆ ముద్దుపేరు. వీడియోకాన్ కంపెనీల విషయమున అంగీకరింపబడిన బాకీలు 64,838 కోట్లు. కొనుటకు ముందుకు వచ్చినవారు ఇచ్చెదమన్నది 2,962 కోట్లు. కొనువారు ఇంచుమించు ఏమియు ఇచ్చుట లేదని 2021లో ముంబయి ట్రిబ్యునలే ఆశ్చర్యపడి, అయినను ఆమోదించినది. అప్పీలు ట్రిబ్యునలు మరుసటి ఏడు ఆ ఆమోదమును రద్దు చేసినది. నూటికి తొంబదియైదు పోయినపుడు అది జుట్టు కత్తిరించుట కాదు, నున్నగా గుండు కొట్టుట. గుండు డిపాజిటుదారునిదియు పన్ను కట్టువానిదియు గాని, అప్పు తిన్నవానిది కాదు.

2008వ సంవత్సరము ఒక్కటి చాలును ఈ భాషాభేదమును చూపుటకు. ఆ ఫిబ్రవరి బడ్జెటులో చిన్నరైతులకు సుమారు 60 వేల కోట్ల ఋణవిముక్తి ప్రకటించినపుడు, అప్పు తీర్చు క్రమశిక్షణ మంటగలిసినదని ఎందరో ఆర్థికవేత్తలు వాపోయిరి. ఆ సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలినది. అక్టోబరు 3న ఆ దేశపు కాంగ్రెసు ఆర్థికసంస్థల రక్షణకు 70 వేల కోట్ల డాలర్లు మంజూరు చేసినది. దానికి పెట్టిన పేరు ‘స్థిరత్వము’. 2011లో న్యూయార్కు జుక్కోటి పార్కులో గుడారములు వేసికొని కూర్చున్న యువకుల కోపము మనకు అర్థము కానిది కాదు. వారు తమ ఇండ్లు పోగొట్టుకొన్నవారిని, బోనసులు పుచ్చుకొన్న బ్యాంకరులను ఒకే వీథిలో చూచిరి.

అయితే ఈ బ్యాంకులను ప్రైవేటువారికి అమ్మివేయుడని కొందరందురు. సికిందరాబాదు కేంద్రముగా 1994లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు పదేండ్లకే మునిగినపుడు దానిని భుజాన వేసికొనినది ప్రభుత్వరంగములోని ఓరియంటల్ బ్యాంకు. 2020 మార్చిలో యస్ బ్యాంకు ఖాతాదారులు యాబదివేలకు మించి తీయరాదని కట్టడి వచ్చినపుడు రక్షణకు నాయకత్వము వహించినది స్టేటు బ్యాంకు. లాభకాలమున ప్రైవేటు, ఆపత్కాలమున ప్రభుత్వము: దీనిని సంస్కరణ యనుటకు నాకు నోరు రాదు.

మరి బ్యాంకును కూలనిమ్మందురా యని అడుగువారున్నారు. అననే అనను. పాలైలో ఏడ్చినవారిని మరచిన దేశము కాదిది. రక్షింపవలసినది డిపాజిటు, యజమాని వాటా కాదు, బాకీదారుని పరువు కాదు. 2017లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆర్థిక పరిష్కార బిల్లు ఇందుకు సరిగా విరుద్ధమైన దారి పట్టినది. మునుగు బ్యాంకును నిలుపుటకు భీమా పరిమితిని మించిన డిపాజిట్లను వాటాలుగా మార్చుకొనవచ్చునను భయము దేశమంతట ప్రాకినది. జనము ఊరకుండలేదు. 2018 ఆగస్టులో ప్రభుత్వమే బిల్లును ఉపసంహరించుకొనినది. గొంతెత్తినచో ఏమగునో యని సందేహించువారు ఆ సంగతిని గుర్తుచేసికొనవచ్చును.

నేను కోరునది పెద్ద విప్లవమేమియు కాదు. ప్రజల సొమ్ముతో బ్యాంకుకు మూలధనము పోసిననాడే ఆ గొయ్యి త్రవ్విన పెద్ద బాకీదారుల పేర్లు, మంజూరు చేసిన అధికారుల పేర్లు, తనిఖీ నివేదికలు ప్రజల ముందుంచవలెను. ఇది నా ఊహయు కాదు. 2015 డిసెంబరులో సుప్రీముకోర్టు, తనిఖీ నివేదికలను, ఎగవేతదారుల వివరములను సమాచారహక్కు చట్టము క్రింద ఇచ్చి తీరవలెనని రిజర్వు బ్యాంకును శాసించినది. రిజర్వు బ్యాంకు విధేయత బ్యాంకులకు కాదు, ప్రజలకని చెప్పినది. 2016లో రిజర్వు బ్యాంకు సమాచార మిచ్చుటకు అడ్డుపడు నియమములు వ్రాసికొనగా, 2019 ఏప్రిలులో వానిని తీసివేయుమని మరల మందలించినది. అపుడు బ్యాంకులే వేరుగా కోర్టుకు పోయినవి: ఖాతాదారుల ఏకాంతహక్కునకు భంగము కలుగునట! 2022 సెప్టెంబరులో కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చక విచారణకు స్వీకరించినది.

ఏకాంతహక్కు గొప్ప హక్కు. దినపత్రిక చివరిపుటలు త్రిప్పినచో బంగారు నగల వేలము ప్రకటనలు కనబడును. వాయిదా తప్పిన వారి పేర్లు, ఖాతా సంఖ్యలు చీమలబారువలె అచ్చువేసియుండును. ఇరువది గ్రాముల గొలుసును కుదువబెట్టి ఎరువులు కొన్నవాని పేరు, వాని ఊరివారందరు టీకొట్టువద్ద చదువునట్లు, అందులో ఉండును.