మాత్రకి పైసా లేదు, మంచానికి లక్షలు

మన కంపెనీల హెల్త్ ఇన్సూరెన్సు డిజైన్ చేసినవాళ్ళెవరో గానీ, యూజర్ని ఒక్కసారీ చూసినట్టు లేరు. ఉద్యోగికేమో ఏడాదికోసారి 70 పైచిలుకు టెస్టులతో ఫ్రీ చెకప్. అమ్మానాన్నల క్లెయిములకేమో దేనికైనా ఒకటే 20 శాతం కో-పే. చాలా ఆఫీసుల్లో ఇదే వరస.

చెకప్ సంగతే చూడండి. ఇలాంటి జనరల్ చెకప్‌ల మీద జరిగిన 17 ట్రయల్స్‌ని, అంటే దాదాపు రెండున్నర లక్షల మందిని, కాక్రేన్ వాళ్ళు 2019లో కలిపి చూస్తే మరణాల్లో తేడా దాదాపు ఏమీ లేదు. టెస్టులన్నీ దండగని కాదు. బీపీ చూడటానికి, ఆడవాళ్ళకి సర్వైకల్ కేన్సర్ స్క్రీనింగుకి మంచి ఆధారాలున్నాయి. కానీ ఏ లక్షణమూ లేని 28 ఏళ్ళ కుర్రాడికి ట్యూమర్ మార్కర్లెందుకండీ? రిక్వైర్‌మెంటు లేకుండా టెస్టు కేసులు రాసినట్టు! అన్ని టెస్టులు చేస్తే ఏదో ఒకటి ఎర్రగా రాకుండా ఉండదు. ఇక స్పెషలిస్టుల చుట్టూ ప్రదక్షిణలే.

పోనీ, నిజంగానే బీపీ బయటపడిందనుకోండి. రోజూ మాత్రకి, డాక్టరు ఫీజుకి మీ జేబే గతి. గ్రూప్ పాలసీలు చాలామటుకు ఆసుపత్రిలో చేరితేనే కదా ఇచ్చేది. మాత్ర మానేసి పక్షవాతం తెచ్చుకుంటే మాత్రం లక్షలిస్తారు. ఇదేం లాజిక్కో!

కో-పే పెడితే జనం అనవసర వైద్యం మానేస్తారంటారు. అమెరికాలో రాండ్ సంస్థ 1970ల్లో మొదలుపెట్టిన పెద్ద ప్రయోగంలో తేలిందేంటంటే, చేతి డబ్బు పెట్టాల్సొస్తే జనం పనికొచ్చే వైద్యాన్నీ, పనికిరానిదాన్నీ ఇంచుమించు సమానంగా తగ్గించుకుంటారు. మనమూ అంతేగా? నాన్నగారికి గుండెపోటొస్తే చేసే యాంజియోప్లాస్టీకీ 20 శాతమే, మోకాళ్ళ అరుగుదలకి చేసే ఆర్థ్రోస్కోపీకీ 20 శాతమే. ఈ రెండోదాన్ని 2002లో ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చూస్తే నొప్పిలో తేడా ఏమీ కనపడలేదు.

గుండెపోటు తర్వాత వాడే మందుల్ని పూర్తిగా ఫ్రీ చేసి 2011లో అమెరికాలో ఒక ట్రయల్ వచ్చింది. అద్భుతాలేం జరగలేదు, ముఖ్య ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ మందులు వాడటం పెరిగింది, మొత్తమ్మీద గుండెపోట్లు, స్ట్రోకుల్లాంటివి తగ్గాయి, ఖర్చేమో పెరగలేదు.

ఏది పనికొస్తుందో హెచ్చార్ ఎలా తేలుస్తుందంటారా? అన్నీ తేల్చక్కర్లేదండీ. బీపీ, షుగరు, ఆస్తమా ఇన్హేలర్లు, గుండెపోటు తర్వాతి మందులు... వీటి మీద డాక్టర్లలో పెద్ద వాదనే లేదు. డాక్టరు ఫీజుతో సహా వీటికి సున్నా పెట్టండి. అరిగిన మోకాళ్ళ ఆర్థ్రోస్కోపీకి 50 శాతం పెట్టుకోండి. మిగతావి ఇప్పటికి ఉన్నట్టే ఉండనివ్వండి. డబ్బులెక్కణ్ణుంచి వస్తాయంటే, ఆ 70 టెస్టుల బిల్లుతో మొదలెట్టొచ్చు.