కొత్త బండికి పాత మొహం ఎందుకు?

మా ఇంట్లో పది రోజులుగా ఒక పంచాయితీ నడుస్తోంది. ఆస్తుల గొడవ కాదు, పెళ్ళి సంబంధం అంతకన్నా కాదు. వాకిట్లో నిలబడ్డ థార్ బండి గురించి. కొని ఇంకా మూడేళ్ళు నిండలేదు. దానికి పాత విల్లీస్ జీపు వేషం వేయించాలని మా అబ్బాయి పట్టు. వేయనివ్వనని నా పట్టు. మా ఆయన మాత్రం ఎప్పటిలాగే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

వాడి లిస్టు వినండి. పైనున్న గట్టి టాపు తీసేసి కాన్వాస్ గుడ్డ వేయాలి. తలుపులు తీసేసి గొలుసులు తగిలించాలి. గ్రిల్లు మార్చాలి. ముందు బంపరు పీకేసి ఇనుప బంపరు బిగించాలి. వెనకాల డీజిల్ డబ్బా, పక్కన పార పెట్టడానికి పట్టీలు. రంగు మిలిటరీ పచ్చ. అన్నీ కలిపి రెండున్నర లక్షలు, అదీ నిజామాబాద్ యార్డులో పసుపు అమ్మిన డబ్బుల్లోంచి.

"పార ఎందుకురా?" అని అడిగాను.

"లుక్ కోసం అమ్మా" అన్నాడు.

మా కొట్టంలో నిజం పార ఒకటుంది. దాన్ని వాడు చేత్తో ముట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆ పారనే అడగాలి.

నాకు పాత వస్తువులంటే చేదు కాదు. మా అత్తమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగలో ఇప్పటికీ సంక్రాంతికి అరిసెల పాకం పడతాను. నాకు చేదు, వేషం. పాత జీపుకి ఆ రూపం ఎవరో అందం కోసం ఇచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వేలకొద్దీ బండ్లు తొందరగా తయారవ్వాలి కాబట్టి రేకులు చదునుగా వంచారు. ఓడల్లో ఎక్కువ పట్టాలి కాబట్టి ముందు అద్దం మడిచేలా పెట్టారు. రేడియేటరుకి గాలి తగలాలి, రాయి తగలకూడదు కాబట్టి ముందు నిలువు చీలికలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మహీంద్రా వాళ్ళు అవే జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టినప్పుడు మన మట్టి రోడ్లకి అవి సరిపోయాయి. అంటే ఆ మొహం పనిలోంచి వచ్చింది. మావాడు చేస్తానంటున్నది దానికి తలకిందులు. పని తగ్గించి మొహం తగిలిస్తాడట!

ఈ బండి మాకు షోకు బండి కాదు. వానాకాలం నల్లరేగడిలో ట్రాక్టరు కూరుకుపోతే ఫోర్ బై ఫోర్ వేసి తాడు కట్టి లాగేది ఇదే. ఎరువు బస్తాలు, కాలిన మోటారు, కూలీల అన్నం గిన్నెలు మోసేది ఇదే. మోకాళ్ళ నొప్పులతో మా అత్తమ్మ డాక్టరు దగ్గరికి పోయేదీ ఇందులోనే. తలుపు లేకపోతే ఆమె ఏం పట్టుకుని ఎక్కుతుంది? గొలుసా?

అత్తమ్మనే అడిగాం, పాత జీపు ఎట్లుండేదని. ఆమె చెప్పింది విని మనవడు తల వంచుకున్నాడు. యాభై ఏళ్ళ కిందట, ముసురు పట్టిన రాత్రి, నొప్పులు మొదలైతే పక్కూరి పటేలు జీపులో బోధన్ తీసుకుపోయారట. "మీదికెల్లి గుడ్డ కారుతుంది, పక్కలకెల్లి జల్లు కొడుతుంది. గుంతల ఎగిరినప్పుడల్లా పానం పోయినట్టే ఉండె. మీ తాత గొడుగు వట్టుకొని నా మీదికి ఒంగి నిలవడ్డడు" అంది. ఆ కానుపులో పుట్టింది ఈ పేపరు చదివే మనిషే. పాత రోజులు బాగుండేవని ఆమె ఎప్పుడూ అనదు. అనేది మేమే, అప్పుడు తడవని వాళ్ళం.

ఇది మా ఇంట్లో సంగతే కాదు. పెళ్ళిళ్ళలో అద్దె ఎడ్లబండి, హోటల్లో గోడకి వేలాడే విసుర్రాయి. ఆ రాయి తిప్పి చేతులు కాయలు కాసిన ఆడవాళ్ళు ఎవరూ దాన్ని గోడకి తగిలించుకోరు.

ఇక చట్టం. మావాడు దీన్ని ఎప్పుడూ ఎత్తడు కాబట్టి నేనే చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని, ఆర్సీలో రాసిన వివరాల్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు అని రాశారు. ఇనుప బంపర్లు వద్దని కేంద్రం 2017లోనే చెప్పింది. దెబ్బ ఎట్లా తగిలితే ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాలో కంపెనీ లెక్క వేసి పెడుతుంది. ముందు ఇనుము బిగిస్తే ఆ లెక్క తప్పుతుంది. మిలిటరీ పచ్చ రంగు సంగతి ఇంకా విచిత్రం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం, ఆ రంగు రక్షణ శాఖ బండ్లకి తప్ప ఇంకెవరికీ లేదంటుంది. రేపు ఏదన్నా జరిగితే, చెప్పకుండా చేసిన మార్పులు చూపించి ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేయొచ్చు.

"మండీ డబ్వాలీ నుంచి దేశమంతా పోతున్నయి గదమ్మా అసొంటి జీపులు" అన్నాడు. పోతున్నాయి, హర్యానాలో ఆ ఊరికి అదే పేరు. అందరూ చేస్తే అది భద్రమైపోతుందా? "అమెరికాల మహీంద్రానే పాత జీపు లెక్క రాక్సర్ అమ్మింది" అన్నాడు. అదీ నిజమే. 2018లో జీపు కంపెనీ వాళ్ళు మా రూపం కొట్టేశారని ఫిర్యాదు చేస్తే, 2020లో అక్కడి వాణిజ్య కమిషన్ ఔనంది. మహీంద్రా వాళ్ళు దాని మొహం మార్చుకోవలసి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, రాక్సర్ చేసింది పొలాల్లో తిరగడానికి, రోడ్డు మీద కారులా పోవడానికి కాదు. మనం ఎడపల్లి మీదుగా లారీల మధ్య నిజామాబాద్ పోవాలి.

ఇన్ని మాటల తర్వాత వాడన్న ఒక్క మాట మాత్రం నన్ను ఆపింది. "పాతయన్నీ పోయినయని మీరే ఏడుస్తరు. నేను ఒక్కటి తెస్తనంటే వద్దంటరు."

నిజమే, ఏడుస్తాం. 1937లో పెట్టిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ, ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని మా చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. నిజాంసాగర్ నీళ్ళు, మా చెరకు, ఆ ఫ్యాక్టరీ, మూడూ ఒకే తాడు పేనినట్టు ఉండేవి. ఫ్యాక్టరీ జీపు పొలం గట్టు మీదికి వచ్చిందంటే చెరకు నరకడానికి వేళయిందని ఊరంతా సంబరం. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతబడింది. మావాడు ఆ జీపుని చూడలేదు, తాత నోట విన్నాడు. వాడు వెతుకుతున్నది ఆ సంబరాన్నే అని నాకు తెలుసు.

కానీ బిడ్డా, ఆ ఫ్యాక్టరీ గేటుకి రేపు ఎవరన్నా పాత రంగు వేసి, లైట్లు పెట్టి, ఫొటోలు దిగడానికి తెరిస్తే నువ్వు ఊరుకుంటావా? చెరకు ఆడాలి అంటావు. గానుగ తిరగనిది రంగెందుకంటావు. నేను బండి గురించి అంటున్నదీ అదే.

నా చివరి మాట చెప్పేశాను. నిజంగా పాత జీపే కావాలంటే, కాగితాలు సరిగ్గా ఉన్నది, ఏ షెడ్డులోనో తుప్పు పట్టి పడున్నది వెతుక్కో. పసుపు డబ్బుల్లోంచి లక్ష నేనిప్పిస్తాను. నట్లు నువ్వే విప్పు, గ్రీజు నీ చేతులకే అంటనియ్. అది నడిచిన రోజు మొదట నేనే ఎక్కుతాను, తడిసినా సరే. థార్ జోలికి మాత్రం రావద్దు. ఇంకా ఔననలేదు, కాదనలేదు.

మొన్న పొలంలో చెరకు బండి తగిలి థార్ ఎడమ తలుపు మీద జానెడు గీత పడింది. పొద్దున్నే వాడు పాలిష్ చేయిస్తానని తాళం చెవి కోసం వెతుకుతున్నాడు. పాత లుక్ కావాలన్నది వీడేనా అనుకున్నాను. తాళం చెవి నా కొంగుకే ఉంది, ఇవ్వలేదు.