పరీక్ష ఒక్కటే.. బిల్లు ఎవరిది?

రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. అంతలో డాక్టరు ఇంకో చీటీ రాస్తారు, 'బీఆర్‌సీఏ పరీక్ష చేయించండి' అని. బళ్లారి నుంచి బెంగళూరు వెళ్లినా, హోసూరు నుంచి చెన్నై వెళ్లినా, బరంపురం నుంచి విశాఖ చేరినా ఆ చీటీ ఒకటే. కౌంటరు దగ్గర అడిగే ప్రశ్నా ఒకటే: 'ఇన్సూరెన్సు ఉందా?' ఉందంటే ఒక లెక్క, లేదంటే ఇంకో లెక్క. ఏ లెక్కయినా చివరికి చాలాసార్లు డబ్బు తీయాల్సింది రోగి ఇంటివాళ్లే.

ఇదేమీ సరదాకి చేయించుకునే పరీక్ష కాదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు అందరిలోనూ ఉంటాయి. వాటిలో హానికరమైన లోపం ఉన్న ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ బారిన పడతారు. అండాశయ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. తల్లికి గానీ తండ్రికి గానీ లోపముంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆపరేషన్ ఎంతవరకు చేయాలి, ఒలాపారిబ్ లాంటి మందు పనికొస్తుందా, అక్కచెల్లెళ్లు, కూతుళ్లు జాగ్రత్త పడాలా.. ఇవన్నీ ఆ రిపోర్టు మీదే ఆధారపడి ఉంటాయి.

మరి ధర సంగతి? మన దేశంలో ప్రైవేటు ల్యాబుల్లో ఈ పరీక్ష పదివేలకు అటూఇటూగా మొదలై, చూసే జన్యువుల సంఖ్యను బట్టి పాతిక ముప్పై వేల దాకా పోతుంది. యంత్రానికి, రసాయనాలకు అయ్యే ఖర్చే దీనికంతటికీ కారణం అనుకుంటే పొరపాటు. అమెరికాలో జరిగింది చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఈ జన్యువులపై పేటెంట్లు పెట్టుకుని యూటా రాష్ట్రంలోని మిరియడ్ జెనెటిక్స్ సంస్థ ఏళ్ల తరబడి ఈ పరీక్షను తన గుప్పిట్లో ఉంచుకుంది. ధర 3,000 డాలర్లకు పైమాటే. ఈ ఖర్చు ఎందరో ఆడవాళ్లకు అడ్డంకిగా ఉందని నటి ఏంజెలీనా జోలీ 2013 మేలో పత్రికలో రాశారు. నెల తిరగకుండానే, జూన్ 13న, ప్రకృతిలో ఉన్న జన్యువుకు పేటెంటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అదేరోజు హ్యూస్టన్‌లోని ఒక సంస్థ 995 డాలర్లకే చేస్తామంది. 2015కల్లా మరో సంస్థ 249 డాలర్లకు దిగింది. జన్యువు మారలేదు, రోగం మారలేదు. మారింది పోటీ ఒక్కటే. పైగా కుటుంబంలో ఈ క్యాన్సర్ చరిత్ర ఉండి, పరీక్ష అవసరమని తేలిన ఆడవాళ్లకు బీమా కంపెనీలే పూర్తిగా భరించాలని అక్కడి 2010 ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఇక్కడ సంగతి వేరు. జన్యుపరమైన జబ్బు పేరు చెప్పి క్లెయిము ఎగ్గొట్టడాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు తప్పుబట్టింది. అలాంటి జబ్బులను పాలసీల నుంచి మినహాయించరాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో చెప్పింది. మంచిదే. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, పాలసీ పుస్తకంలో ఇంకో నిబంధన కూర్చుని ఉంది. కేవలం పరీక్షల కోసమే ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. ప్రస్తుత చికిత్సతో సంబంధం లేని పరీక్షకూ ఇవ్వరు. రోగికి చేసిన పరీక్ష చికిత్సలో భాగమని వాదించుకోవచ్చు. మరి ఆరోగ్యంగా ఉన్న చెల్లెలి మాట? ఇంట్లో ఒకరిలో లోపం ఫలానా చోట ఉందని తేలితే, మిగతావారికి ఆ ఒక్కచోటే చూస్తే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. అదీ సొంత జేబులోంచే. రేపు లక్షల్లో క్లెయిము కట్టడానికి సిద్ధపడే కంపెనీ, ఇవాళ వేలల్లో పరీక్షకు వెనకాడటం ఏం తెలివి?

ప్రభుత్వ కార్డుల తీరూ అంతే. ఆయుష్మాన్ భారత్ ఏడాదికి కుటుంబానికి రూ. 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది, రాష్ట్రం దాటినా చెల్లుతుంది. అయితే ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, తర్వాత 15 రోజుల పరీక్షలకే అది వర్తిస్తుంది. బీఆర్‌సీఏ రిపోర్టు రావడానికే రెండు మూడు వారాలు! ఇక ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల కార్డులు ఆయా రాష్ట్రాల్లో స్థిరపడినవారికే. చుట్టాలు విజయవాడలో ఉన్నా, రాయచూరు ఇంటికి ఆ కార్డు రాదు. వైద్యం కోసం సరిహద్దు దాటే మనవాళ్లకు ఈ గీత ప్రతిసారీ అడ్డొస్తుంది.

చేయాల్సింది కొండలు పిండి చేసే పనేమీ కాదు. క్యాన్సర్ రోగికి డాక్టరు రాసిన జన్యు పరీక్ష చికిత్సలో భాగమేనని, ఎప్పుడు చేయించినా బీమా ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ స్పష్టంగా చెప్పాలి. లోపం తేలిన ఇంట్లో రక్తసంబంధీకుల పరీక్షను కూడా ప్రభుత్వ పథకాల్లో చేర్చాలి. ధరల పట్టికను స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ అందరికీ కనబడేచోట పెట్టాలని 2012 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. యానాం ఉన్న పుదుచ్చేరికి ఆ చట్టం వర్తిస్తుంది. మిగతా సరిహద్దు రాష్ట్రాలకు సొంత చట్టాలున్నాయి. చట్టం ఏదైనా, జన్యు పరీక్ష ధర ఆ బోర్డు మీదకు ఎక్కాలి.

అంతవరకు పాఠకులు చేయగలిగింది ఒకటుంది. రక్తం ఇచ్చే ముందే మూడు మాటలు అడగాలి. ధర ఎంత? నగదు కడితే ఎంత, ఇన్సూరెన్సుకైతే ఎంత? కంపెనీ ఇస్తానని రాసిస్తుందా? డాక్టరు చీటీలో పరీక్ష ఎందుకు అవసరమో రాయించుకుంటే రేపు క్లెయిముకు బలం. అడగడానికి మొహమాటపడితే కట్టేది మనమే. పరీక్ష మానేస్తే ఆ మూల్యం అక్కచెల్లెళ్లు, ఆడపిల్లలు చెల్లించాల్సి వస్తుంది.